బిగించినోడే ఎక్కాల

నా చిన్నప్పుడు నేనొక మంచి పని చేశానని మా బంధువుల్లో చాలాకాలం చెప్పుకున్నారు. పెళ్లిళ్లలో, నామకరణాల్లో, నలుగురూ కూడిన ప్రతిచోటా మా అక్కే ఆ మాట ఎత్తేది. "ఎక్కేది వాని వంతు. వాడు నాకిచ్చినాడు" అని మురిసిపోతూ చెప్పేది. అందరూ నావైపు చూసేవారు. నేను తల వంచుకునేవాణ్ని. అది నా అణకువ అనుకునేవారు. కానీ అణకువ కాదు. ఆ రోజు నేను చేసింది తప్పు. దాన్ని కప్పడానికి ఇంకో తప్పు, దాని మీద ఇంకో తప్పు చేశాను. పైకి మాత్రం అది మంచితనంలా కనిపించింది.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. వేసవి సెలవులు వస్తే నన్ను పెనుకొండలో మా పెదనాయన ఇంటికి పంపేవారు. ఊరి బయట, పెద్దరోడ్డు పక్కన ఆయనకు లారీల షెడ్డు ఉండేది. ఆయన కూతురినే నేను అక్క అంటాను. నాకంటే రెండేళ్లు పెద్దది. మిగతా ఆడపిల్లలు నీడపట్టున అచ్చనగాయలు ఆడుకుంటుంటే తను షెడ్డులో నట్లు, బోల్టులు కిరసనాయిలులో కడుగుతూ ఉండేది. పెద్దమ్మ తిట్టేది. అక్క వినేది కాదు.

ఆ రోజుల్లో హిందూపురం వైపు నుంచి రాతిదిమ్మెలు మోసుకుని పొడవాటి ట్రైలర్ బండ్లు ధర్మవరం రైల్వే స్టేషనుకు పోతుండేవి. ముందు ఇంజను బండి, వెనక దిమ్మెలు పెట్టే ట్రైలరు. రెండూ వేర్వేరు బండ్లు. ముందు బండిలో తయారైన గాలి రెండు పైపుల గుండా వెనక్కి పోతేనే ట్రైలరు బ్రేకులు డ్రైవరు మాట వింటాయి. ఆ పైపుల చివర్లలో మనిషి అరచేయంత ఇనుప కప్లింగులు ఉంటాయి. ముందు బండి పైపుకొకటి, ట్రైలరు పైపుకొకటి. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి తిప్పితే, ఇద్దరు మనుషులు చేతులు కలిపినట్టు పట్టుకుంటాయి. అందుకే మా షెడ్డులో వాటిని చేతులనే అనేవారు. "చేతులు కలిపినారా?" అని పెదనాయన అడిగాడంటే బండి బయల్దేరబోతోందని అర్థం.

ఒక్కో చేతిలో గుండ్రటి గాడి, ఆ గాడిలో ఒక రబ్బరు వాషరు ఉంటుంది. రెండు చేతులు కలిసినప్పుడు ఒకదాని వాషరు ఇంకోదాని వాషరును ఒత్తుకుంటుంది. గాలిని ఆపేది ఆ రబ్బరే. ఎండకు, దుమ్ముకు అది పెళుసెక్కి చీలిపోతుంది. అప్పుడు తీసి కొత్తది వేయాలి. చూడ్డానికి చిన్న పని. కానీ దానికొక పద్ధతి ఉంది. పాత రబ్బరు ముక్కలు గాడిలో అంటుకుని ఉంటాయి. వాటిని వెదురు పుల్లతో చుట్టూ గోకాలి. ఇనుముతో గోకితే గాడికి గీత పడుతుంది. పొడిగుడ్డతో తుడవాలి. కొత్త వాషరును సబ్బునీళ్లలో తడిపి, తమలపాకులా మడిచి, అంచు గాడిలోకి దూర్చి వదలాలి. తర్వాత బొటనవేలితో చుట్టూ ఒత్తుకుంటూ రావాలి. నూనె, గ్రీజు మాత్రం తగలకూడదు. "నూనె ఈ పొద్దు జారిస్తాది, రేపు ఉబ్బిస్తాది" అనేవాడు పెదనాయన.

ఆయన షెడ్డుకొక కట్టుబాటు ఉండేది. బ్రేకుల పని ఏది చేసినా, చేసినవాడు ఆ బండిలో ఎక్కి కొంతదూరం పోవాలి. షెడ్డు దాటాక రోడ్డు మిట్ట ఎక్కుతుంది. మిట్ట మీద చింతచెట్లు, వాటిని దాటితే పెద్ద దిగుడు, దిగుడు చివర ఒక టీకొట్టు. ఆ టీకొట్టు దాకా పోయి, అక్కడ దిగి, ఎదురొచ్చే ఏ బండో పట్టుకుని తిరిగి రావాలి. "బిగించినోడే ఎక్కాల" అనేవాడు. తప్పు చేసినవాడు ఆ తప్పుతోపాటే పోవాలన్నది దాని అర్థమని నేను అనుకునేవాణ్ని. అయినా మాకు భయం ఉండేది కాదు. అంత ఎత్తు బండిలో కూర్చోవడం, దిగుట్లో మొహానికి గాలి కొట్టడం, టీకొట్టులో డ్రైవరు ఇప్పించే వేడి బజ్జీలు, ఇవన్నీ మాకు పండగ.

ఆ రోజు పొద్దున ఒక ట్రైలరు బండి వచ్చి ఆగింది. డ్రైవరుది హిందూపురం. మాటల్లో సగం కన్నడం కలిసేది. మేము మామా అని పిలిచేవాళ్లం. రెండు పైపుల దగ్గరా గాలి పోతోంది. పెదనాయన ఇంకో లారీ కింద పడుకుని కమాను పట్టీలు విప్పుతున్నాడు. మధ్యలో వదిలి రాలేని పని. అక్కడి నుంచే మమ్మల్ని పిలిచి, ఎర్ర పైపు నన్ను, పసుప్పచ్చ పైపు అక్కను చూడమన్నాడు. అప్పటికి అలాంటివి ఆయన పక్కన కూర్చుని చాలాసార్లు వేసి ఉన్నాం.

క్యాబిన్‌లో ఒక్కరికే చోటుందని డ్రైవరు మామ ముందే చెప్పేశాడు. క్లీనరు పక్కన మామ తన ఇంటికి కొన్న చింతపండు మూట కూర్చుని ఉంది. వెనక పెడితే రాతి దుమ్ము పడుతుందట. "యారు ముందు ముగిస్తే వాళ్లే ఎక్కేది. బేగ కానీండప్పా!" అని నవ్వాడు. ఆయనకది సరదా. నాకు మాత్రం పందెం తలకెక్కింది. అంతకు ముందు రోజే పెదనాయన అక్క పనిని మెచ్చుకుంటూ, "పాప చేతిలో నిదానం ఉండాది. నీ చేతిలో పరుగు ఉండాది" అన్నాడు. అది నాలో ముల్లులా గుచ్చుకుని ఉంది.

అక్క తన గాడిని గోకుతోంది. పాత రబ్బరు నల్లటి పేలికలుగా ఊడి వస్తుంటే, వాటిని ఒక కాగితం మీద కుప్ప పోసుకుంటోంది. నేను గోకలేదు. పైపైన గుడ్డతో తుడిచి కొత్త వాషరు దూర్చబోయాను. అది కూర్చోలేదు. ఒకవైపు ఒత్తితే ఇంకోవైపు లేస్తోంది. పక్కన పెద్దమ్మ పంపిన బొరుగుల గిన్నె ఉంది. ఉల్లిగడ్డ, కారం వేసిన బొరుగుల్లో కలుపుకోవడానికి చిన్న సీసాలో చెనిక్కాయ నూనె కూడా పెట్టింది. నా కన్ను ఆ సీసా మీద పడింది. వేలు ముంచి వాషరు చుట్టూ రాశాను. అది చేపలా జారి గాడిలోకి పోయింది.

"అయిపాయ!" అని అరిచాను.

"గాడి గోకినావా?" అని లారీ కిందినుంచి పెదనాయన అడిగాడు.

"గోకినా" అన్నాను.

అక్క కూడా ముగించాక చేతులు కలిపాము. డ్రైవరు మామ గాలి నింపి ఇంజను ఆపాడు. పెదనాయన కింద పడుకునే చెవి పెట్టి విన్నాడు. ఏ శబ్దమూ లేదు. ఆ కాస్తసేపు నూనె గాలిని ఆపింది. "బాగుండాది, పోండి" అన్నాడాయన.

నేను క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టబోతూ కిందికి చూశాను. అక్క కాగితం మీద నల్లటి కుప్ప ఉంది. నా దగ్గర ఏమీ లేదు. అక్క గాడిలో అంత ఉన్నప్పుడు నా గాడిలోనూ అంతే ఉంటుంది కదా. అదంతా వాషరు కిందే ఉండిపోయింది. వెనక కొండముక్కల్లాంటి దిమ్మెలు. ముందు దిగుడు. నా కాలు మెట్టు మీద నిలవలేదు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. "అక్కా, నువ్వు పో. నా వంతు నీకిస్తా."

తప్పు చెప్పుకునే ధైర్యం లేదు. ఎక్కే ధైర్యమూ లేదు. రెండు భయాల మధ్య దొరికిన సందులోంచి జారుకున్నాను. అక్క మొహం వెలిగిపోయింది. "నిజ్జంగానా?" అని రెండుసార్లు అడిగింది. తొట్టి దగ్గరికి పరుగెత్తి మొహం కడుక్కుని, ఓణీతో తుడుచుకుని వచ్చింది. డ్రైవరు మామ నా భుజం తట్టి, "ఏమప్పా అల్లుడూ, గెల్చినోడివి ఇచ్చేస్తివే! నీయట్లా తమ్ముడు యాడ దొరుకుతాడు?" అన్నాడు. లారీ కింద నుంచి పెదనాయన కూడా ఏదో మెచ్చుకోలుగా గొణిగాడు. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. బండి కదిలింది.

నేను రోడ్డు అంచున నిలబడ్డాను. బండి చిన్నదవుతోంది. అరవాలనుకున్నాను. అరవలేదు. అరిస్తే ఇప్పుడే సంపాదించిన మెప్పు పోతుంది. అవతల అక్క ప్రాణం మీదికి వస్తున్నప్పుడు కూడా నేను ఆ మెప్పు లెక్క చూసుకున్నాను. దీన్ని రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

బండి మలుపు తిరిగి కనపడకుండా పోయాక ఇక ఆగలేకపోయాను. పరుగున వచ్చి లారీ పక్కన కూలబడ్డాను. "పెదనాయనా, నేను గాడి గోకలా. నూనె రాసి దూర్చినా" అన్నాను.

ఆయన కింద నుంచి ఎలా బయటికొచ్చాడో నాకు తెలియదు. నన్ను కొట్టలేదు. గోడకు ఆనించిన సైకిలు లాగి, సబ్బునీళ్ల డబ్బా, వెదురు పుల్ల, కొత్త వాషరు నా ఒళ్లో పడేసి, ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని తొక్కాడు. ఆయన గుండె నా వీపుకు కొట్టుకోవడం తెలుస్తోంది. మిట్ట మొదలయ్యే చోట ఆయన అడిగాడు. "బండి కదిలేటప్పుడు నోరు యాడ పెట్టుకుంటివిరా?"

"అప్పుడు గుర్తు రాలేదు" అన్నాను.

సగం నిజం చెప్పి, మిగతా సగాన్ని మళ్లీ లోపలే దాచాను. ఆయన నమ్మాడు.

మిట్ట మీద, చింతచెట్లకు ఇవతల, దిగుడు ఇంకా మొదలు కాకముందే బండి ఆగి ఉంది. చక్రాల కింద రాళ్లు పెట్టి ఉన్నాయి. అక్క కిందే ఉంది. ఓణీ నడుముకు చుట్టుకుని ఎర్ర పైపు దగ్గర కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే డ్రైవరు మామ చేతులెత్తి దండం పెట్టాడు, నాకు కాదు, మా పెదనాయనకు. "ఈ పాప లేకుంటే అయిపోయిందప్పా! ఇంజను మోతలో నాకేం వినపళ్లా. ఎక్కిన కాణ్ణించి తల కిటికీ బయటే పెట్టింది. బుస కొడ్తాంది మామా, నిలుపు నిలుపు అని నా చెయ్యి పట్టి లాగేసింది. చూస్తే గాలి మీటర్లో ముల్లు పడిపోతాండాది."

అక్క నావైపు చూసి, నూనె అంటిన తన వేళ్లు వాసన చూసుకుంది. "బొరుగుల నూనె" అంది. అంతే.

ఆ రోడ్డు పక్కనే పెదనాయన నన్ను కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచి చేయించాడు. డ్రైవరు మామ అలవాటుగా "బేగ కానీ అల్లుడూ" అనబోతే ఆపాడు. "బేగ అనబాకప్పా. ఆ మాటతోనే ఈడిదాకా వచ్చినాం."

జారిపోయిన వాషరును తీసి పారేశాను. నూనె అంతా తుడిచాను. గాడిని గోకాను. ఎండిన చింతతొక్కల్లా పాత రబ్బరు ఊడి వచ్చింది. లోపల ఇనుము తెల్లగా కనిపించేదాకా గోకాను. కొత్తది తడిపి, మడిచి, దూర్చి, బొటనవేలితో చుట్టూ ఒత్తాను. అయిందనుకున్నాను. పెదనాయన తను చూడకుండా అక్కను చూడమన్నాడు. అక్క కళ్లు మూసుకుని వేలితో తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. నా బొటనవేలు పట్టుకుని అక్కడ పెట్టింది. "ఈడ ఎత్తుగా ఉండాది సూడు. తీయ్." తీశాను. ఆ ఒక్కచోట గోరంత ముక్క మిగిలి ఉంది. మళ్లీ గోకి మళ్లీ వేశాను.

నేను ఏడుస్తూనే చేశాను. అది చూసి పెదనాయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అసలు రబ్బరే లేకుంటే భయం లేదురా. గాలి నిలవదు, బండి కదల్దు. సగం కూచున్న రబ్బరే మనిషిని చంపేది. అంతా బాగుందని నమ్మిస్తాది" అన్నాడు. "బిగించినోడు ఎక్కాల అనేది యాల అనుకుంటివి? చావనీకి కాదు. విననీకి. చేసినోని చెవికి తెలిసినట్టు ఇంగొకరికి తెల్దు" అన్నాడు.

చేతులు కలిపి, గాలి నింపి, ఇంజను ఆపాము. సబ్బు నురగ పూస్తే ఒక్క బుడగ లేవలేదు. నలుగురం కదలకుండా నిలబడి విన్నాము. క్లీనరు కూడా చక్రం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. దూరంగా గొర్రెల మెడల్లో గంటలు వినిపించాయి. ఇంకేమీ లేదు.

"ఇంగ ఎక్కేదెవరు?" అని డ్రైవరు మామ అడిగాడు.

పెదనాయన క్యాబిన్‌లోంచి చింతపండు మూట దించి, సైకిలు క్యారేజీ మీద పెట్టి కట్టేశాడు. "మూట షెడ్డులో ఉంటాది. తిరిగొచ్చేటప్పుడు తీస్కపో. ఇద్దరూ ఎక్కండి" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. "ఈ మూటను పొద్దున్నే దించింటే అయిపోతుండె గద మామా!" అంది. డ్రైవరు మామ తల గోక్కున్నాడు. నాకూ ఏడుపులోనే నవ్వొచ్చింది. దిగుడంతా మేమిద్దరం చెరో పక్క తలలు బయటికి పెట్టి వింటూ దిగాము. టీకొట్టు దగ్గర బజ్జీలు తిన్నాము. అక్క తన పొట్లంలోంచి ఒకటి తీసి నాకిచ్చింది. "నీ వంతు నాకిచ్చినావు గద" అంది. ఆ బజ్జీ నేను తినలేకపోయాను. కారంగా ఉందని పక్కన పెట్టాను.

నూనె సంగతి అందరికీ తెలిసిపోయింది, అందరూ మరిచిపోయారు కూడా. పిల్లవాడు, ఏదో చేశాడు, చెప్పుకున్నాడు అన్నారు. వంతు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అది నాకు చెందని మంచిపేరుగా నాతోనే పెరిగింది.

కాలం గడిచింది. అక్కకు హిందూపురం సంబంధం వచ్చింది. పనితనంలో ఆ షెడ్డు అక్కకు రావలసింది. ఆడపిల్ల కాబట్టి రాలేదు. పెదనాయన తర్వాత నేనే పట్టాను. ఇప్పుడు వాషర్లు పొట్లాల్లో వస్తున్నాయి, బండ్లు ఇంకా పెద్దవయ్యాయి. పిల్లల వేళ్లు మాత్రం ఇప్పటికీ గ్రీజు డబ్బా వైపే పోతుంటాయి. వాళ్లకు నా నూనె కథ దాపరికం లేకుండా చెబుతాను. నవ్వుతారు, నేర్చుకుంటారు. మా షెడ్డులో బిగించినవాడు ఇప్పటికీ ఎక్కుతాడు. నా జేబులో వెదురు పుల్ల ఎప్పుడూ ఉంటుంది. కథలో రెండో సగం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది చెనిక్కాయలు పెరికిన రోజుల్లో అక్క మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. సాయంత్రం అరుగు మీద ఇద్దరం కాయలు ఒలుస్తున్నాము. నా మనవడు పక్కింటి పాపతో సైకిలు కోసం పోట్లాడుతుంటే అక్క వాణ్ని పిలిచి, "మీ తాత ఎట్లాంటోడో తెల్సా? ఆయప్ప వంతు నాకిచ్చినాడు" అని మొదలుపెట్టింది. ఇక వినలేకపోయాను. వాణ్ని ఆడుకోమని పంపి, ఆమెకు మొత్తం చెప్పాను.

ఒలవడం ఆగింది. "అంటే, అది ఊడిపోతాదని తెలిసే నన్ను ఎక్కిస్తివా?"

"తెలిసేనక్కా."

ఆమె ఒడిలో పొట్టు దులుపుకుని లేచి లోపలికి పోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. క్షమించమని అడగడానికి నాకూ నోరు రాలేదు. అడిగితే అదీ ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే అనిపించింది.

పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ తనే మాట్లాడింది. "ఇన్నేండ్లు నాతో ఊరంతా అబద్ధం చెప్పిస్తివి గదరా." నేను గ్లాసు అందుకున్నాను. "అయినా ఆ పొద్దు నేను ఎక్కిన సంబరం అబద్ధం గాదు. దాన్ని నేను ఇడ్సేది లేదు. నీ తప్పు నీ కాడ పెట్టుకో, నా సంబరం నా కాడ ఉంటాది." తన గ్లాసులో కాఫీ సగం తాగి, "నువ్వు నీ వంతు నాకింగా ఇయ్యనే లేదు. ఇప్పుడియ్యి" అంది.

నాతోపాటే షెడ్డుకు వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నం లోపే ఒక ట్రైలరు వచ్చింది. ఎర్ర పైపు దగ్గర గాలి పోతోంది. షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాణ్ని పక్కకు జరగమని నేనే కూర్చున్నాను. జేబులో పుల్ల తీసి గాడి గోకాను. ఊడివచ్చిన నల్లటి పేలికలన్నీ ఒక కాగితం మీద కుప్ప పోశాను, అక్క చూసేటట్టు. తుడిచి, తడిపి, మడిచి, దూర్చి, ఒత్తాను. అక్క కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేలితో చుట్టూ తడిమింది. ఒకచోట ఆగింది.

"ఏం లేదు. బాగుండాది" అంది.

డ్రైవరు కుర్రవాడు. క్యాబిన్ మెట్టు పట్టుకుని మోకాళ్ల నొప్పితో మూలుగుతూ ఎక్కుతున్న ఆమెను చూసి బిత్తరపోయాడు. "అవ్వా, యాడికి?"

"దిగుడు దాకా. విననీకి" అంది అక్క. కిటికీలోంచి చెయ్యి ఊపింది, అప్పటిలాగే.

నేను రోడ్డు అంచున, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడ్డాను. బండి మలుపు తిరిగింది. ఈసారి భయం లేదు. అయినా లోపలికి పోలేకపోయాను. చాలాసేపటికి ఫోను మోగింది. టీకొట్టు దగ్గరి రద్దీలో అక్క గొంతు.

"వినపళ్లేదు రా."

"ఏంటిదక్కా?"

"బుస. దిగుడంతా చెవి పెట్టి విన్నా. ఏమీ వినపళ్లా." ఆమె నోటినిండా ఏదో నములుతోంది. "నీకూ రెండు బజ్జీలు కట్టించుకొస్తాండా. ఈసారన్నా తిను."